మోకాలి చిప్ప ఎందుకు జారుతుందో తెల్వకుండ ఆపరేషన్‌కు ఒప్పుకోకుండ్రి

పోయినేడు సద్దుల బతుకమ్మ నాడు, దేవరకొండ దిక్కు మా ఊర్ల, గుడి ముంగట ఆడోళ్లు గుండ్రంగ తిరుగుతుంటే మా అక్క బిడ్డ కోలాటం కట్టెలు పట్టుకొని గిరుక్కున మళ్లింది. పాదం నేలకు ఆనే ఉంది, ఒళ్లు మాత్రం తిరిగింది. "అమ్మా" అని అక్కడనే కూలబడ్డది. లంగా జరిపి చూస్తే మోకాలు మధ్యల ఉండాల్సిన చిప్ప అక్కడ లేదు, ఆ జాగల గుంట పడ్డది, బయటి పక్కకు గడ్డ లెక్క ఉబ్బి ఉంది, దాని మీద తోలు బిగుసుకపోయి మెరుస్తుంది. పక్కనోళ్లు తలా ఒక చెయ్యేసి గుంజుదాం అన్నరు, ఒకామె ఆముదం కాచి తెమ్మన్నది. పిల్లనే ఏడ్చుకుంట "ముట్టకుండ్రి, నన్నే మెల్లగ కాలు సాపనియ్యిండ్రి" అన్నది, ఎందుకంటే ఆమెకు అది మూడోసారి, మొదటిసారి తొమ్మిదో తరగతిల ఖోఖో ఆడుతుంటే అయింది. మడమ కింద చెయ్యి పెట్టి పట్టుకున్న, కాలు నిదానంగ సాపింది, పూర్తిగ సాగినప్పుడు టక్కుమని చిప్ప దానంతట అదే లోపలికి వచ్చి కూసున్నది. ఆ సప్పుడు నా చెవులకెళ్లి ఇంకా పోలే.

అటెనుక మూడు నెలలు దవాఖానాల చుట్టు తిరిగినం. ఒకరు బెల్టు పెట్టుకుంటే చాలు అన్నరు, ఒకరు చిన్న రంధ్రం పెట్టి బయటి పక్క పట్టీ కోసి వదులు చేస్తం, తెల్లారి ఇంటికి పోవచ్చు అన్నరు, ఇంకొకరు లిగమెంట్, అంటే ఎముకలను పట్టి ఉంచే నార, కొత్తది వెయ్యాలె అన్నరు, నాలుగో ఆయన అవసరమైతే ఎముక కోసి జరపాల్సి రావచ్చు అన్నరు. ఒక్క మోకాలికి నాలుగు మాటలు. వీళ్లల్ల ఎవరో ఒకరు మోసం చేస్తున్నరని నాకు మస్తు కోపం వచ్చింది. నెలల తరబడి చదివి, డాక్టర్లను అడిగి అడిగి తెలుసుకున్నంక అర్థమైంది ఏందంటే ఆ మాటలల్ల ఏది పనికొస్తది, ఏది పనికిరాదు అన్నది లోపలి కారణాన్ని బట్టి ఉంటది. చిప్ప జారుడు అనేది జ్వరం లెక్క, అది లక్షణం, లోపల కారణం ఏందో కొలిచి చూడకుండ ఏ ఆపరేషన్ మంచిదో చెప్పుడు ఎవరి తరం కాదు. ఆ నలుగురిల కొలిచి చూద్దాం అన్నది ఒక్కరే. ఇట్ల తిరుగుతున్న అమ్మనాయనలు మన దిక్కు ఇంకా చానమంది ఉన్నరు కాబట్టి నాకు తెలిసినంత విడమరిచి రాస్తున్న.

ముందుగాల చిప్ప ఏం పని చేస్తదో చూద్దాం. చేదబాయి మీద గిరక ఉంటది కదా, దాని గాడిల తాడు నడుస్తది. తొడ ముందు భాగంల ఉన్న పెద్ద కండ, క్వాడ్రిసెప్స్ అంటరు, అది తాడు. ఆ తాడు కిందికి దిగి మోకాలు దాటి, మోకాలి కింద కాలి ఎముక ముందట చేతికి తగిలే బుడిపెకు అతుక్కొని ఉంటది. చిప్ప ఏమో ఆ తాడులనే పొదిగి ఉన్న ఎముక, మన ఒంట్ల కండరాల తాళ్లల్ల పుట్టే ఇసొంటి ఎముకలల్ల ఇదే పెద్దది. తొడ ఎముక కింది కొనకు ముందట ఒక గాడి ఉంటది, కాలు ముడిస్తే సాపితే చిప్ప ఆ గాడిల కిందికి మీదికి జారుకుంట నడుస్తది. చిప్ప ఉండబట్టే ఆ తాడు కీలుకు కొంచెం దూరంగ, ఎత్తుల నడిచి, కాలు సాపే బలం దాదాపు 30 శాతం దాకా పెరుగుతది. దాని మీద పడే భారం కూడ తక్కువేం కాదు, మెట్లు ఎక్కేటప్పుడు ఒంటి బరువుకు మూడింతలు, గొంతుక్కూసుంటే ఏడింతల దాకా పోతది. అందుకే దాని వెనుక వైపున ఉండే కార్టిలేజ్ అనే నున్నటి మెత్తెముక పూత మన ఒంట్ల అన్నిటికన్న మందంగ ఉంటది. చిప్ప జారిన ప్రతిసారి గీసుకపోయేది ఆ పూతే.

మరి తాడు గిరక మీదికెళ్లి ఎప్పుడు జారుతది? గాడి అరిగి లోతు లేకుంటే జారుతది. చేదేటాయన ఎదురుంగ కాకుండ పక్కకు నిలబడి గుంజితే జారుతది. తాడు గాడిల కూసోకుండ పైపైన తేలుతుంటే జారుతది. పక్కకు పోకుండ ఆపే అడ్డు విరిగితే జారుతది. మోకాట్ల కూడ అచ్చం ఇవే నాలుగు.

బయటి పక్కకే ఎందుకు పోతది అని నేను కూడ అడిగిన. తుంటి వెడల్పుగ ఉంటది, మోకాళ్లు దగ్గరగ ఉంటయి, అందుకని తొడ ఎముక ఏటవాలుగ లోపలికి దిగుతది, దాని మీది కండ చిప్పను సక్కగ పైకి కాకుండ పైకీ బయటికీ గుంజుతది. అంటే మంచిగున్న మోకాట్ల కూడ చిప్పకు బయటికి పోయే గుణం ఎప్పటికీ ఉంటది, దాన్ని ఆపేటివి రెండు. కాలు 20, 30 డిగ్రీలకన్న ఎక్కువ ముడిస్తే చిప్ప గాడిల దిగబడ్తది, ఇగ గాడి గోడలే కాపాడ్తయి. కాలు సాపి ఉన్నప్పుడు, కొద్దిగ ముడిసినప్పుడు మాత్రం చిప్ప గాడికి పైన తేలుతుంటది, అప్పుడు దాన్ని పట్టి ఉంచేది లోపలి పక్కన చిప్పకు, తొడ ఎముకకు నడుమ ఉన్న ఒక సన్నటి లిగమెంట్. దాని పేరు ఎంపీఎఫ్ఎల్, బయటికి పోకుండ ఆపే బలంల సగానికి పైన దానిదే. బతుకమ్మ కాడ మా పిల్ల కాలు దాదాపు సాపి ఉంది, పాదం ఆని ఉంది, తొడ లోపలికి మళ్లింది, అంటే గాడి కాపాడలేని ఆ కొద్దిపాటి జాగలనే దెబ్బ పడ్డది. ఖోఖోల, కబడ్డీల, డాన్సుల, ఆఖరికి బస్సుకెళ్లి దిగి గిర్రున మళ్లినప్పుడు కూడ ఇదే కథ.

మొదటిసారి చిప్ప పూర్తిగ జారిందంటే పదిమందిల తొమ్మిదిమందికి పైన ఆ లిగమెంట్ ఎంతో కొంత తెగుతది. అది మానుతది, కాకపోతే సాగిపోయి వదులుగ మానుతది, నులక మంచం నులక ఒకసారి సాగితే మళ్ల బిగువు రానట్టు. అందుకనే మొదటిసారి జారినోళ్లల్ల సుమారు మూడింట ఒకవంతు మందికి మళ్ల జారుతది, రెండోసారి జారినంక మూడోసారి జారే అవకాశం సగం సగం. పది నుంచి పదిహేడేళ్ల నడుమ పిల్లలల్ల ఇది ఎక్కువ, ఎదుగుతున్న వయసుల గాడి లోతు కూడ తక్కువున్న పిల్లలకు మళ్ల మళ్ల జారే ముప్పు ఇంకా పెద్దది.

ఫ్రాన్సుల లియోన్ నగరంల ఆన్రి డెజూర్ అనే సర్జన్ వాళ్ల జట్టు 1994ల, జారే మోకాళ్లను మామూలు మోకాళ్లతోటి పోల్చి, తేడా ఎక్కడుందో కొలతలతోటి సహా రాసిన్రు. ఇప్పటికీ ప్రపంచమంత ఆ లెక్కలే చూస్తరు. గాడి లోతు లేకపోవుడు మొదటిది, దానికి అటెనుక ఏ, బి, సి, డి అని నాలుగు గ్రేడులు వచ్చినయి, కొందరికి గాడి బల్లపరుపుగ ఉంటది, కొందరికైతే గాడి జాగల ఉబ్బే ఉంటది. రెండోది చిప్ప ఉండాల్సిన దానికన్న ఎత్తుల ఉండుడు, పక్క నుంచి తీసిన ఎక్స్‌రేల దీన్ని కొలుస్తరు, కాటన్ డెషాంప్ ఇండెక్స్ అంటరు, 1.2 దాటితే ఎత్తు అన్నట్టు. మూడోది టీటీ-టీజీ దూరం, అంటే గాడి నడుమకు, కింద తాడు అతుక్కున్న బుడిపెకు అడ్డంగ ఎంత తేడా ఉందో, అది 20 మిల్లీమీటర్లు దాటితే తాడు బాగ పక్కకెళ్లి గుంజుతుంది అని. ఒక్క సంగతి, ఈ కొలత సీటీల చూసిన దానికన్న ఎంఆర్ఐల రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్లు తక్కువ వస్తది, కాబట్టి రిపోర్టుల అంకె చూసి మీరే లెక్క తేల్చుకోకుండ్రి, దేంట్ల కొలిచిన్రో అడుగుండ్రి. నాలుగోది చిప్ప పక్కకు ఒరిగి ఉండుడు.

ఇవి గాక ఒళ్లు సాగే గుణం కొంతమందికి పుట్టుకతోటే ఉంటది. బొటన వేలు ముంజేతి లోపలి దిక్కు వంచితే దానికి తగులుడు, చిటికెన వేలు నిటారుగ వెనుకకు లేసుడు, మోచేతులు మోకాళ్లు ఎదురు వంపు తిరుగుడు, మోకాళ్లు ముడవకుండ వంగి అరచేతులు నేలకు ఆనిచ్చుడు, వీటన్నిటికీ కలిపి తొమ్మిది మార్కులు, బైటన్ స్కోర్ అంటరు. మా పిల్ల చిన్నప్పుడు బొటన వేలు చేతికి ఆనిచ్చి దోస్తులకు సూపిచ్చి నవ్విచ్చేది, డాక్టర్ సార్ అదే చెయ్యమంటే మా అక్క మొఖం చూడాల్సింది.

మన నల్లగొండ ముచ్చట ఒకటి ఇక్కడ చెప్పాలె. మోకాళ్లు దగ్గరికి వచ్చి మడమలు దూరం పోయే వంకర, అంటే నడుస్తుంటే మోకాళ్లు ఒకదానికొకటి తాకుడు, దీన్ని జెను వాల్గమ్ అంటరు. మర్రిగూడ, నాంపల్లి, చండూరు దిక్కు ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన పాత తరంల ఇసొంటి కాళ్లు మనం కండ్లతోటి చూసినం. 1973ల హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి గార్లు, అప్పటి ఆంధ్రప్రదేశ్‌ల ఫ్లోరైడ్ ఉన్న పల్లెలల్ల ఈ మోకాళ్ల వంకర గురించి లాన్సెట్ పత్రికల రాసిన్రు. లీటరు నీళ్లల్ల ఫ్లోరైడ్ ఒకటిన్నర మిల్లీగ్రామ్ దాటొద్దు అని లెక్క, మన బోర్లల్ల ఎంతుండెనో మీకు తెలుసు, నీళ్లల్ల ఫ్లోరైడ్ తీసే పద్ధతికే నల్లగొండ టెక్నిక్ అని మన జిల్లా పేరు పడ్డది. ఇప్పుడు కృష్ణా నీళ్లు నల్లాలకు వస్తున్నయి, పిల్లలల్ల అప్పటి రోగం కనిపిస్తలేదు. నేను చెప్పొచ్చేదేందంటే ఫ్లోరైడ్ వల్ల చిప్ప జారుతది అని కాదు, కాళ్లు ఆ ఆకారంల వంకర ఉంటే, కారణం ఏదైనా గానీ, తాడు ఇంకింత పక్కకు గుంజుతది. పిల్లను నిలబెట్టి ఎదురుంగ చూడకుండ, తొడ ఎముక మెలిక చూడకుండ, ఒక్క మోకాలు ఎంఆర్ఐ తోటే ఆపరేషన్ రాసిచ్చే డాక్టర్‌ను "కాళ్ల వంకర చూసిన్రా సార్" అని అడగాల్సిందే.

మొదటిసారి జారిందనుకో, ఎక్కువ మందికి ఆపరేషన్ అక్కర్లే. చిప్ప లోపలికి వచ్చినా సరే దవాఖానకు పోవాలె, ఎందుకంటే చిప్ప బయటికి పోయేటప్పుడో తిరిగి వచ్చేటప్పుడో తొడ ఎముక అంచుకు కొట్టుకొని కార్టిలేజ్ తోటి పాటు ఎముక ముక్క ఒకటి ఊడి కీలుల పడొచ్చు. గంటల లోపట మోకాలు బుస్సున పొంగిందంటే లోపల రక్తం చేరినట్టు, అప్పుడు ఈ ముక్క ఉందేమో అని ఎక్స్‌రే, అవసరమైతే ఎంఆర్ఐ తప్పకుండ చూడాలె. పెద్ద ముక్క ఉంటే మాత్రం మొదటిసారే అయినా ఆపరేషన్ కావాలె, దాన్ని తిరిగి అతికిస్తరు, ఆలస్యమైతే అతికే పని కాదు. ముక్క లేకుంటే ఒకటి రెండు వారాలు, మహా అయితే మూడు, బ్రేస్ అనే మోకాలి ఆసరా బెల్టు పెట్టుకొని, ఆ తర్వాత తొడ కండకు, తుంటి కండకు ఎక్సర్‌సైజులు మూడు నాలుగు నెలలు. మా కాడ జరిగిన తప్పు ఇదే. మొదటిసారి మేము పట్నంల చూపిచ్చిన కాడ ఎక్స్‌రే ఒకటి తీసి, ఆరు వారాలు పిండికట్టు వేసి పంపిన్రు, ఎక్సర్‌సైజ్ అన్న మాటే ఎవరూ ఎత్తలే. కట్టు ఇప్పినంక పిల్ల తొడ కట్టె లెక్క అయింది, ఏడాది తిరగకుండనే రెండోసారి జారింది. మనోళ్లు పుత్తూరు కట్టు అనో, ఊర్ల కట్టు అనో పోతుంటరు, కట్టు ఏదైనా గానీ ఎక్కువ రోజులు కాలు కదలకుండ ఉంటే కండ కరుగుతది, చిప్పకు కాపలా కాసేది ఆ కండనే.

మళ్ల మళ్ల జారుతుంటే అప్పుడు ఆపరేషన్ మాట వస్తది. దాంట్ల ఎక్కువగ చేసేది ఎంపీఎఫ్ఎల్ రీకన్‌స్ట్రక్షన్. తెగిన పాత లిగమెంట్‌ను కుట్టుడు కాదు, కుడితే మళ్ల సాగుతది, మళ్ల జారుతది. తొడ లోపలి పక్క నుంచి, వెనుక నుంచి మోకాలి లోపలి పక్కకు దిగే కండరాలల్ల గ్రాసిలిస్ అని ఒకటి, సెమిటెండినోసస్ అని ఒకటి ఉంటయి, వాటిల ఒకదాని తాడు తీసి కొత్త లిగమెంట్ లెక్క అమరుస్తరు. మా పిల్లకు గ్రాసిలిస్ తీసిన్రు. ఆ తాడు తీస్తే కాలు బలహీనం అయితదేమో అని మా బావ మస్తు భయపడ్డడు, మిగిలిన కండలు ఆ పని అందుకుంటయి, రోజు పనులల్ల తేడా దాదాపు తెల్వదు.

ఈ ఆపరేషన్‌ల నేర్పు అంత రెండు జాగలల్ల ఉంది. ఒకటి, తొడ ఎముక మీద ఆ తాడు ఎక్కడ నాటాలె అన్నది. చిప్ప వైపు కొద్దిగ అటిటు అయినా నడుస్తది గానీ తొడ ఎముక వైపు అయిదు మిల్లీమీటర్లు పైకి పోతే కాలు ముడిసిన కొద్దీ తాడు బిగుసుకుంటది, చిప్పను లోపలి పక్కకు నొక్కేస్తది, కాలు పూర్తిగ ముడుసుకోదు, కొన్నేండ్లకు లోపలి కార్టిలేజ్ అరుగుతది. 2007ల షాట్లె అనే సర్జన్ వాళ్ల జట్టు, పక్క నుంచి తీసిన ఎక్స్‌రేల ఆ జాగను గుర్తుపట్టే గీతలు చెప్పిన్రు, షాట్లె పాయింట్ అంటరు. ఆపరేషన్ బల్ల మీదనే సీ-ఆర్మ్ అనే ఎక్స్‌రే మిషన్ పెట్టి ఆ పాయింట్ చూసుకొనే రంధ్రం పెట్టాలె. అందుకని "సీ-ఆర్మ్ వాడుతరా సార్" అని అడుగుడు తప్పేం కాదు, అడుగుండ్రి, మంచి డాక్టర్ అయితే సంతోషంగ చెప్తరు. రెండోది బిగువు. కొత్త లిగమెంట్ చిప్పను గుంజి పట్టే పగ్గం కాదు, పక్కకు పోకుండ చూసే అడ్డు మాత్రమే. కాలు సుమారు 30 డిగ్రీలు ముడిచి చిప్ప గాడిల కూసున్నంక, వదులుగ కాకుండ బిగుతుగ కాకుండ కట్టాలె. గట్టిగ గుంజి కడితే గట్టిగ ఉంటది అనుకునుడు తప్పు, తీసి వేసిన ఆ కండర తాడు పుట్టుకతోటి వచ్చిన లిగమెంట్‌కన్న ఎక్కువ గట్టిదే, దానికి బలం తక్కువ కాదు, సరైన జాగ, సరైన బిగువే కావాలె. కారణాలు మంచిగ చూసుకొని చేస్తే వందల అయిదుగురికి లోపే మళ్ల పూర్తిగ జారుతది. అయితే ముప్పులు లేవని కాదు, చిప్పల పెద్ద రంధ్రాలు పెడితే ఆ జాగల చిప్ప పగలొచ్చు, మోకాలు బిగుసుకపోవచ్చు, ఇన్‌ఫెక్షన్ రావచ్చు, కాలి రక్తనాళాలల్ల రక్తం గడ్డ కట్టొచ్చు.

టీటీ-టీజీ బాగ ఎక్కువ ఉంటేనో, చిప్ప బాగ ఎత్తుల ఉంటేనో లిగమెంట్ ఒక్కటే చాలదు, బాయి కాడ తాడు పక్కకు గుంజేటాయన అట్లనే నిలబడి ఉన్నంక కొత్త అడ్డు ఎన్ని రోజులు ఆగుతది? అప్పుడు కింద బుడిపెను ఆరు సెంటీమీటర్ల పొడుగు ఎముక ముక్కతోటి సహా కోసి లోపలికో, కిందికో జరిపి స్క్రూలు బిగిస్తరు. దీనికి పాత చరిత్ర ఒకటుంది. 1938ల హౌజర్ అనే ఆయన బుడిపెను లోపలికి జరిపే పద్ధతి చెప్పిండు, చిప్ప జారుడు ఆగింది గానీ ఆ ఎముక ఆకారం వల్ల బుడిపె లోపలికి పోతూ వెనుకకు కూడ పోయింది, చిప్ప తొడ ఎముకకు గట్టిగ ఒత్తుకొని ఏండ్లు గడిచినంక చానమందికి కీళ్ల అరుగుడు వచ్చింది. దాన్ని చూసి నేర్చుకొని 1983ల ఫుల్కర్సన్ ఏటవాలు కోత చెప్పిండు, బుడిపె లోపలికి పోతూ ముందుకు కూడ వస్తది, ఒత్తిడి తగ్గుతది. చిప్ప జారకుండ చేసుడు ఒక్కటే కాదు, అరగకుండ చూసుడు కూడ పనే అని ఆ అనుభవం నేర్పింది.

గాడిని లోతు చేసే ట్రోక్లియోప్లాస్టీ అనేది చాన తక్కువ మందికి, గాడి జాగల ఉబ్బు ఉన్నోళ్లకు, అలవాటున్న చేతులల్లనే చెయ్యాల్సింది.

ఇగ ఆ "చిన్న రంధ్రం, తెల్లారి ఇంటికి" అన్న ముచ్చట. దాన్ని లేటరల్ రిలీజ్ అంటరు, చిప్ప బయటి పక్కన ఉన్న పట్టీని కోసుడు. బయటికి గుంజుతున్న పట్టీ కోస్తే బయటికి పోదు కదా అని మనకూ అనిపిస్తది, ఒకప్పుడు డాక్టర్లు కూడ అట్లనే అనుకొని మస్తు మందికి చేసిన్రు. తర్వాత తేలిందేందంటే ఆ బయటి పట్టీ కూడ చిప్పను నిలకడగ ఉంచుటానికి కొంత ఆసరానే ఇస్తది, జారే మోకాట్ల దాన్ని కోస్తే ఉన్న ఆసరా పోతది, ఎక్కువ కోస్తే చిప్ప ఉల్టా లోపలి పక్కకు జారుడు మొదలైతది, ఆ బాధ మొదటిదానికన్న కష్టం. ఇప్పుడు జారే చిప్పకు ఆ ఒక్క కోతనే మందు అని పుస్తకాలల్ల ఎక్కడా చెప్తలేరు, బిగుసుకున్న పట్టీని వేరే ఆపరేషన్‌తో పాటు సర్దితే అది వేరే సంగతి. మాకు ఆ మాట చెప్పిన కాడ కొలతల పేరెత్తలే, ముందు నుంచి తీసిన ఒక్క ఎక్స్‌రే లైటుకు పట్టి చూసి తారీకు రాసిచ్చిన్రు. ఆ చీటి ఇప్పటికీ నా పర్సులనే ఉంది. ఆ రోజు అక్క సరే అని ఉంటే ఏమైతుండెనో తలుసుకుంటే చేతులు సల్లబడ్తయి.

పెరిగే పిల్లలకు ఇంకో జాగ్రత్త ఉంది. ఎముక కొనలకు దగ్గర పెరిగే పొర ఉంటది, ఆడపిల్లలకు సుమారు 14, మగపిల్లలకు 16 ఏండ్ల దాకా తెరిచి ఉంటది. అది మూసుకోకముందు బుడిపె కోసి జరిపితే ఆ జాగల ఎదుగుడు ఆగి కాలు ఎదురు వంపు తిరుగుతది, కాబట్టి అది చెయ్యరు. లిగమెంట్ ఆపరేషన్ మాత్రం ఆ పొరకు తగలకుండ రంధ్రం పెట్టి చెయ్యొచ్చు. మోకాళ్లు తాకే వంకర కూడ ఉన్న పిల్లలకు ఎదుగుడు మిగిలి ఉండగనే చిన్న ప్లేట్ పెట్టి, ఎదుగుతూనే కాలు సక్కగ వచ్చేటట్టు చేస్తరు, ఆ వయసు దాటితే ఇంత సులువుగ కాదు, ఎముక కొయ్యాల్సిందే. అందుకని పదేండ్ల పిల్లకు చిప్ప జారుతుంటే పెద్దగైనంక చూద్దాం అని కూసోవద్దు.

మా పిల్లకు తేలింది ఇది: గాడి కొంచెం లోతు తక్కువ, చిప్ప ఎత్తు 1.15, టీటీ-టీజీ ఎంఆర్ఐల 16 మిల్లీమీటర్లు, ఊడిన ముక్క లేదు, ఒళ్లు సాగే గుణం ఉంది. ఎముక జోలికి పోకుండ లిగమెంట్ ఒక్కటి చాలు అన్నరు. సంక్రాంతి పోయినంక అయింది, నడుముకు మత్తు ఇచ్చి గంటన్నర.

ఆపరేషన్ తర్వాత కథనే అసలుది, దీని గురించి ఎవరూ ముందుగాల సరిగ చెప్పరు. మొదటి రెండు వారాలు వాపు తగ్గుడు, తొడ కండను మేల్కొలుపుడు, ఇవే పని. ఆపరేషన్ అయినంక తొడ కండ నిద్రపోతది, పిల్ల ఎంత అనుకున్నా కాలు బిగియలే, మోకాలి కింద చిన్న తువ్వాల చుట్టి పెట్టి దాన్ని మంచానికేసి నొక్కు అంటే మూడు రోజులు ఏం కదలలే, నాలుగో రోజు చిప్ప పైన సన్నగ అదురు కనవడ్డది, మా అక్క ఆ అదురు చూసి ఏడ్చింది. లిగమెంట్ ఒక్కటే అయితే బ్రేస్ పెట్టుకొని, చంకల కట్టెలు పట్టుకొని ఓర్చుకోగలిగినంత బరువు మొదట్లనే మోపొచ్చు, ఎముక కోస్తే మాత్రం ఆరు వారాల దాకా పూర్తి బరువు మోపొద్దు, తొందరపడితే కోసిన కాడ ఎముక విరిగే ముప్పు ఉంది. ఆరు వారాలు అయ్యేసరికి కాలు 90 డిగ్రీల దాకా ముడుసుకోవాలె. ముడుసుకోనప్పుడు నొప్పికి భయపడి ఊకుంటే మోకాలు బిగుసుకపోతది, దాన్ని మళ్ల మత్తిచ్చి వంచాల్సి వస్తది. ఫిజియోథెరపీ కోసం రోజూ పట్నం పోలేమనేది మన దిక్కు పెద్ద కష్టం, మేము పది రోజులకొకసారి పోయి నేర్చుకొని వచ్చి ఇంటి కాడ రోజు మూడు పూటలు చేపిచ్చినం, వీడియో తీసి పంపితే తప్పులు చెప్పెటోళ్లు.

మన ఇండ్లల్ల సంగతులు కూడ ముందే అనుకోవాలె. కింద కూసుండే బాత్రూం ఉంటే కమోడ్ కుర్చీ ఒకటి ముందే కొనిపెట్టుకోండ్రి, గొంతుక్కూసునుడు కొన్ని నెలలు కాదు, సక్లం ముక్లం కూడ డాక్టర్ చెప్పేదాకా వద్దు. నాట్లు, పత్తి ఏరుడు పనులకు పోయే వాళ్లైతే వాన కాలం పనులు మొదలైనంక కాదు, పనులు లేని నెలలు చూసుకొని పెట్టుకునుడు మంచిది, చదువుకునే పిల్లలకు పరీక్షలు అయిపోంగనే. ఆటలకు ఆరు నెలల కన్న ముందు కాదు, అది కూడ క్యాలెండర్ చూసి కాదు, ఆ కాలు బలం రెండో కాలి బలంల 90 శాతం దాకా వచ్చినంకనే. ఆపరేషన్ జారుడు ఆపుతది గానీ, అప్పటిదాకా గీసుకపోయిన కార్టిలేజ్‌ను తెచ్చియ్యదు, మెట్లెక్కితే కొద్దిగ నొప్పి కొంతమందికి ఉండిపోతది, ఇది ముందే తెలిస్తే తర్వాత మనసు విరగదు. పదిసార్లు జారినంక పోయే దానికన్న రెండు మూడుసార్లకే పోవుడు ఎందుకు మంచిదో కూడ ఇందులనే ఉంది.

ఖర్చు కాడికి వస్తే, తెలంగాణల ఆరోగ్యశ్రీ కింద ఒక కుటుంబానికి ఏడాదికి 2023 డిసెంబర్ నుంచి పది లక్షల దాకా పెంచిన్రు, మీ పిల్లకు రాసిన ఆపరేషన్ దాంట్ల వస్తదా రాదా అన్నది దవాఖానల ఆరోగ్యమిత్ర దగ్గర ఆపరేషన్ పేరు రాసి ఉన్న చీటి పెట్టి అడగాలె. నల్లగొండల, మహబూబ్‌నగర్ల ఇప్పుడు సర్కారు మెడికల్ కాలేజీలు ఉన్నయి, మొదటి చూపు, ఎక్స్‌రేలు అక్కడనే అయిపోతయి, హైదరాబాద్ నిమ్స్‌కో గాంధీకో పోవాల్సి వస్తే ఆ కాయిదాలన్నీ, సీడీలు సహా పట్టుకపోండ్రి, రిపోర్టు ఒక్కటే చాలదు, సర్జన్ బొమ్మలు సొంతంగ కొలుచుకుంటరు.

ఆపరేషన్ అయినంక పిక్క ఒకటే వాచి గట్టిపడి నొప్పి పెడితే, ఆయాసం వస్తే, కుట్ల కాడ చీము, చలి జ్వరం ఉంటే తెల్లారేదాకా ఆగొద్దు, అదే రాత్రి పోవాలె.

మా పిల్లకు ఇప్పుడు ఆరో నెల నడుస్తుంది. మోకాలి కాడ ఆపరేషన్ గీతలు నల్లగ ఉన్నయి, చిప్పకు పది సెంటీమీటర్ల పైన టేపు పెట్టి కొలిస్తే ఎడమ తొడ కుడి తొడకన్న ఇంకా సెంటీమీటరున్నర సన్నం, మూడు నెలల కిందట మూడుండె. చిప్పను వేలితోటి బయటికి నెట్టితే మునుపు చెయ్యి పట్టుకొని అరిచేది, ఇప్పుడు ఊకనే చూస్తది. మళ్లేటప్పుడు మాత్రం ఇంకా ఆగి, పాదం లేపి, అప్పుడు మళ్లుతది, ఆ భయం కండ కన్న ఆలస్యంగ మానుతదంట. రోజు పొద్దుగూకినంక వాకిట్ల ముగ్గుపిండితోటి గుండ్రంగ గీసి, ఆ గీత మీద ఒంటికాలు నిలబడి మెల్లగ మళ్లుడు నేర్పుతున్నం, పదిసార్లు కుడికి, పదిసార్లు ఎడమకు. ఈసారి బతుకమ్మ ఆడొచ్చునా అని అక్క అడిగితే, వచ్చే నెల ఒంటికాలి గెంతుడు పరీక్ష పెట్టి చూసినంకనే చెప్తా అన్నరు ఫిజియో సార్.